ఉచిత ఈమెయిల్ ఎంచుకోవడం ఎలా? గోప్యత, సౌకర్యం రెండూ చూసుకుని

‘జీమెయిల్ మన మెయిళ్లు చదువుతుందా?’, ‘జోహోకి మారిపోవచ్చా?’, ‘ప్రోటాన్ పెట్టుకుంటే ఎవరికీ దొరకమా?’ ఈ మూడు ప్రశ్నలూ పాఠకుల నుంచి ఆగకుండా వస్తున్నాయి. మూడింటికీ కలిపి ఒకే జవాబు లేదు. బ్యాంకుకు ఇచ్చే అడ్రసు, చీరల సైటుకు ఇచ్చే అడ్రసు, స్కానింగ్ రిపోర్టులు తెప్పించుకునే అడ్రసు ఒకటే కావాలనుకున్నప్పుడే చిక్కంతా మొదలవుతుంది. పనిని బట్టి అడ్రసు విడదీస్తే ఏ సర్వీసు దేనికి పనికొస్తుందో దానంతటదే తేలుతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మెయిల్ చేజారడానికి కంపెనీల నిఘా కన్నా పెద్ద కారణాలు మూడున్నాయి: రీచార్జి ఆపేసిన పాత నంబరు, నెట్ సెంటర్‌లో ఎవరో తయారుచేసి ఇచ్చిన అకౌంటు, ఎప్పుడో అనుమతి ఇచ్చి మరిచిపోయిన యాప్. అందుకే సర్వీసు ఎంపికకు ఎంత చోటిచ్చామో, ఆ తర్వాతి సెట్టింగులకు అంతకన్నా ఎక్కువే ఇచ్చాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ పేరు మీదే ఉన్న, రీచార్జి ఆగని మొబైల్ నంబరు. అన్న పేరు మీదో, పాత కంపెనీ పేరు మీదో ఉన్న సిమ్ వద్దు.
- ల్యాప్‌టాప్ లేదా కంప్యూటర్. ఫార్వర్డింగ్ (వచ్చిన మెయిల్‌ను వేరే అడ్రసుకు పంపేది), ఫిల్టర్ల (మెయిళ్లను వాటంతటవే విడదీసేవి) వంటి సెట్టింగులు చాలావరకు ఫోన్ యాప్‌లో కనిపించవు. ఫోన్ ఒక్కటే ఉంటే బ్రౌజర్‌లో ‘డెస్క్‌టాప్ సైట్’ పెట్టుకుని ప్రయత్నించండి.
- ఒక అథెంటికేటర్ యాప్ (లాగిన్‌కు అడిగే కోడ్‌ను ఫోన్‌లోనే తయారుచేసేది). గూగుల్ అథెంటికేటర్ చాలు. ఆండ్రాయిడ్‌లో ఏజిస్ కూడా ఉచితమే, అందులో కోడ్‌లను ఫైలుగా బ్యాకప్ తీసుకోవచ్చు.
- పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ ఒకచోట దాచిపెట్టే యాప్). బిట్‌వార్డెన్ ఉచిత ప్లాన్ సరిపోతుంది. అది కుదరకపోతే బీరువాలో పెట్టుకునే నోట్‌బుక్ అయినా నయమే. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకునే మెసేజ్ మాత్రం వద్దు.
- కొత్త అకౌంటుకు ఓ గంటన్నర తీరిక. పాతది మార్చుకుంటున్నట్లయితే నెలరోజుల ఓపిక.

1. మీ మెయిళ్లను మూడు కుప్పలు చేయండి

పాత ఇన్‌బాక్స్ తెరిచి గత మూడు నెలల మెయిళ్లు ఎవరెవరి నుంచి వచ్చాయో చూడండి.

మొదటి కుప్ప ‘గుర్తింపు’: బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్, ఈపీఎఫ్‌వో, డీమ్యాట్, ఎల్ఐసీ, డిజీలాకర్, ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ రిజిస్ట్రేషన్లు, కాలేజీ, ఉద్యోగం. ఇక్కడ ఒక్క మెయిల్ రాకపోయినా నష్టమే.

రెండోది ‘బజారు’: షాపింగ్ సైట్లు, కూపన్లు, ఒక్కసారి వాడి వదిలేసే యాప్‌లు, మాల్‌లో బిల్లు కౌంటర్ దగ్గర అడిగితే ఇచ్చేవి. ఇందులో ఏది పోయినా ఏమీ కాదు, కానీ అడ్రసు బయటికి పొక్కేది ఎక్కువగా ఇక్కడి నుంచే.

మూడోది ‘సొంతం’: ఆరోగ్యం, కోర్టు వ్యవహారం, కుటుంబ విషయాలు, పత్రికల వాళ్లతో సంప్రదింపులు. అందరికీ ఈ కుప్ప ఉండదు. లేకపోతే దీనికోసం అకౌంటు తెరవనక్కర్లేదు. వాడని అకౌంటు కూడా కాపలా కాయాల్సిన ఆస్తే.

2. ఏ కుప్పకు ఏ సర్వీసు

జీమెయిల్. ఉచితంగా 15 జీబీ, కానీ అది డ్రైవ్‌కూ, ఫొటోలకూ కలిపి. ఫోన్ కెమెరా బ్యాకప్‌తో ఈ చోటు నిండిపోతే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుంది, పంపినవాళ్లకు తిరిగి వెళ్తాయి. పెళ్లి వీడియోల దెబ్బకు బ్యాంకు మెయిళ్లు ఆగడం ఇలాగే జరుగుతుంది. మెయిళ్లలోని విషయాన్ని ప్రకటనల కోసం వాడటం ఆపేస్తున్నట్లు గూగుల్ 2017లో ప్రకటించింది. అయినా స్పామ్ పట్టడానికీ, స్మార్ట్ ఫీచర్లకూ యంత్రం మెయిల్‌ను చూస్తూనే ఉంటుంది. ప్రకటనలేమో మీరు గూగుల్‌లో వెతికినవాటినీ, యూట్యూబ్‌లో చూసినవాటినీ బట్టి వస్తాయి. స్పామ్ ఫిల్టర్ గట్టిది, ఏ ఫారమైనా ఈ అడ్రసును కాదనదు. గుర్తింపు కుప్పకు సరిపోతుంది, 5వ మెట్టులోని సెట్టింగులు మార్చుకుంటేనే.

అవుట్‌లుక్. మెయిల్‌కు 15 జీబీ, దాంతోపాటు 5 జీబీ క్లౌడ్. మెలిక ఏమిటంటే మెయిల్ అటాచ్‌మెంట్లు ఆ 5 జీబీలోంచి కూడా లెక్కకు వస్తాయి. అది నిండినా మెయిల్ ఆగుతుంది. ప్రకటనలు కనిపిస్తాయి. మెయిల్‌లో రాసినదాన్ని బట్టి ప్రకటనలు గురిపెట్టబోమని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. దీని అసలు సుఖం ఏలియాస్‌లు: ఒకే ఇన్‌బాక్స్‌కు వేర్వేరు పేర్లతో అడ్రసులు పెట్టుకుని, విసిగించే అడ్రసును తీసేయవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక. విండోస్‌లో వచ్చే కొత్త అవుట్‌లుక్ యాప్‌లో మీ జీమెయిలో, యాహూనో కలిపితే ఆ మెయిళ్ల ప్రతి మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు కూడా వెళ్తుంది. అకౌంటు కలిపేటప్పుడు ఆ విషయం చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది, చదవకుండా ‘కంటిన్యూ’ కొట్టేస్తాం. రెండు కంపెనీలకూ మెయిల్ అప్పగించడం ఇష్టం లేకపోతే థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాం వాడండి. అది దించుకున్న ప్రతిని మీ కంప్యూటర్‌లోనే ఉంచుతుంది, ఇంకో కంపెనీకి పంపదు.

జోహో మెయిల్. చెన్నై కంపెనీ. 2025 అక్టోబరులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా దీనికి మారుతున్నట్లు ప్రకటించాక మనవాళ్ల ప్రశ్నలు బాగా పెరిగాయి. ఉచిత అకౌంటులో 5 జీబీ, ప్రకటనలు లేవు. ఆ రెండో మాట నిజంగా విలువైనదే. అయితే ‘స్వదేశీ’ అంటే ‘ఎవరూ తెరవలేనిది’ అని కాదు. మెయిళ్లు సర్వర్‌లో ఎన్‌క్రిప్ట్ అయి (తాళం వేసిన రహస్య లిపిలో) ఉంటాయి, తాళంచెవి మాత్రం కంపెనీ దగ్గరే ఉంటుంది. చట్టప్రకారం ఆదేశం వస్తే ఇవ్వాల్సిందే. ఉచిత ప్లాన్‌లో ఐమ్యాప్, పాప్ లేకపోవడం ఇంకో పరిమితి. అంటే ఫోన్‌లో అలవాటైన వేరే మెయిల్ యాప్‌లో కలపలేరు, జోహో సొంత యాప్‌లోనో బ్రౌజర్‌లోనో చూడాలి. మీకు చిన్న వ్యాపారం, సొంత డొమైన్ (మీ పేరుతో వెబ్ చిరునామా) ఉంటే ఐదుగురి వరకు ఉచితంగా ఇస్తుంది. కిరాణా, ట్యూషన్ సెంటర్, చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసుల వంటివాటికి మా మొదటి సూచన ఇదే.

ప్రోటాన్ మెయిల్. స్విట్జర్లాండ్‌లోని జెనీవా కేంద్రం. మెయిళ్లు మీ పాస్‌వర్డ్‌తో ముడిపడిన తాళంతో నిల్వ ఉంటాయి, కంపెనీ కూడా చదవలేదు. ఉచితంగా 1 జీబీ (మొదట 500 ఎంబీ ఇచ్చి, సెటప్ పనులు పూర్తిచేస్తే 1 జీబీ అవుతుంది), రోజుకు 150 మెయిళ్లు పంపొచ్చు. సబ్జెక్ట్ లైను మాత్రం ఈ ఎండ్ టు ఎండ్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేని) రక్షణలోకి రాదు, కాబట్టి అక్కడ జబ్బు పేర్లు, కేసు నంబర్లు రాయకండి. ప్రోటాన్ నుంచి జీమెయిల్‌కు పంపిన మెయిల్ ప్రతి గూగుల్ దగ్గర మామూలుగానే ఉంటుంది. రెండువైపులా ప్రోటాన్ ఉంటేనే పూర్తి రక్షణ, లేదంటే పంపేటప్పుడు పాస్‌వర్డ్ పెట్టాలి.

‘ఎవరికీ దొరకమా?’ అన్న ప్రశ్నకు 2021లోనే జవాబు వచ్చింది. స్విస్ అధికారుల ఆదేశంతో ఒక ఫ్రెంచ్ ఉద్యమకారుడి ఐపీ అడ్రసును (ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వాడారో చెప్పే సంఖ్యను) ప్రోటాన్ ఇవ్వాల్సి వచ్చింది. ఉత్తరంలోని విషయం దాగుతుంది, రాసిన మనిషి దాగకపోవచ్చు. మనకు సంబంధించిన మరో సంగతి: 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ప్రోటాన్ మెయిల్‌ను దేశంలో నిలిపివేసే చర్యలు తీసుకోవాలని కేంద్రాన్ని ఆదేశించింది. అలాంటి వివాదం తలమీద ఉన్నప్పుడు బ్యాంకు, పరీక్షల అకౌంట్లు దీనిమీద పెట్టుకోకూడదు. సొంతం కుప్పకు మాత్రం బాగా నప్పుతుంది.

ట్యూటా. జర్మనీలోని హానోవర్‌ది. దీని పాత పేరు ట్యూటనోటా. 1 జీబీ, సబ్జెక్ట్ లైను కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఫోన్ నంబరు అడగదు. కొత్త అకౌంటు తెరిచాక ఆమోదానికి 48 గంటల వరకు ఆగాల్సి రావచ్చు. ఆరు నెలలు లాగిన్ కాకపోతే ఉచిత అకౌంటు తీసేస్తారు. ఐమ్యాప్ లేదు.

యాహూ. కొత్తగా తెరవడానికి కారణం కనిపించదు. 2013 నాటి చోరీలో దాని 300 కోట్ల అకౌంట్లూ బయటపడ్డాయి. ఆటోమేటిక్ ఫార్వర్డింగ్‌ను 2021 నుంచి ఉచిత అకౌంట్లకు తీసేశారు, అంటే బయటికి రావడం కూడా కష్టం. పాత యాహూ, రెడిఫ్ అకౌంట్లున్నవాళ్లు వెంటనే మూసేయకండి, 6వ మెట్టు చూశాక కదలండి.

ఇన్ని చదివాక కూడా తేల్చుకోలేకపోతే ఇలా చేయండి: గుర్తింపు కుప్పకు జీమెయిల్ లేదా అవుట్‌లుక్, ప్రకటనలు అస్సలు పడనివాళ్లకు జోహో. సొంతం కుప్ప ఉంటే ప్రోటాన్. బజారు కుప్పకు కొత్త అకౌంటు తెరవకుండా మారు అడ్రసు తీసుకోండి. డక్‌డక్‌గో ఉచితంగా ఇచ్చే ఈమెయిల్ ప్రొటెక్షన్, ఫైర్‌ఫాక్స్ రిలే (ఉచితంగా 5 అడ్రసులు), సింపుల్‌లాగిన్ (ఉచితంగా 10) ఈ పని చేస్తాయి. సైటుకు మారు అడ్రసు ఇస్తారు, మెయిల్ మాత్రం మీ అసలు ఇన్‌బాక్స్‌కు వస్తుంది. చికాకు పెడితే ఆ ఒక్క అడ్రసు ఆపేస్తే సరి.

జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఒక మాట చేర్చే పద్ధతి కూడా ఉంది. అది ఎవరు అడ్రసు అమ్ముకున్నారో తెలుసుకోవడానికి పనికొస్తుంది, దాచుకోవడానికి కాదు. ప్లస్ తర్వాతది కత్తిరిస్తే అసలు అడ్రసు బయటపడుతుంది. పైగా మన దగ్గర చాలా ఫారాలు ప్లస్ గుర్తును ఒప్పుకోవు.

3. అకౌంటు తెరవడం

మీ ఫోన్‌లోనో, మీ ల్యాప్‌టాప్‌లోనో తెరవండి. యూజర్‌నేమ్‌లో పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబరు పెట్టకండి. ఆ రెండూ బ్యాంకు భద్రతా ప్రశ్నల్లో అడిగేవే. ఫోన్‌లో అక్షరాలు విడదీసి చెప్పినప్పుడు తప్పు రాని పేరు ఎంచుకోండి. ‘శ్రీ’ని, ‘లక్ష్మి’ని ఇంగ్లిష్‌లో రకరకాలుగా రాస్తారు. ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయండి. పుట్టిన తేదీ మాత్రం నిజమైనదే ఇవ్వండి, అకౌంటు పోయినప్పుడు తిరిగి అడిగేది అదే. మనదేశంలో గూగుల్ అకౌంటును సొంతంగా నడుపుకోవడానికి 13 ఏళ్లు నిండాలి. అంతకన్నా చిన్నపిల్లలకు తప్పుడు తేదీతో తెరవకుండా ఫ్యామిలీ లింక్ (పెద్దల అదుపులో పిల్లల అకౌంటు నడిపే గూగుల్ సదుపాయం) ద్వారా తెరవండి.

నెట్ సెంటర్‌లో తెరిచిన అకౌంటు ఉంటే. ఎంసెట్ కౌన్సెలింగ్ కోసమో, స్కాలర్‌షిప్ కోసమో హడావిడిగా చేయించుకున్న అకౌంటు ఇప్పటికీ వాడుతున్నవాళ్లు చాలామందే ఉంటారు. అది ఇంటి తాళంచెవి రెండోది ఎదురింటి వాళ్ల దగ్గర ఉండిపోయినట్టే. చేసినవాళ్లు మంచివాళ్లే కావచ్చు. వాళ్ల కంప్యూటర్ బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ సేవ్ అయి ఉందంటే తర్వాత కూర్చున్న ప్రతి మనిషికీ అది తెరుచుకుంటుంది. ఈ వరుసలోనే చేయండి, వరుస ముఖ్యం:

అ) రికవరీ నంబరు, రికవరీ ఈమెయిల్ (పాస్‌వర్డ్ మరిచిపోతే అకౌంటు తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చేవి) మీవేనా చూడండి. సెంటర్ వాళ్లవి ఉంటే తీసేసి మీవి పెట్టండి.
ఆ) పాస్‌వర్డ్ మార్చండి. ఇది ముందు చేసి ‘అ’ తర్వాత చేస్తే, ఆ మధ్యలో పాత రికవరీ నంబరుతో పాస్‌వర్డ్‌ను మళ్లీ మార్చేయవచ్చు.
ఇ) ‘యువర్ డివైజెస్’లో మీవి కానివన్నీ సైన్ అవుట్ చేయండి.
ఈ) సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. మీకు తెలియని అడ్రసుకు మెయిళ్లు వెళ్తుంటే తీసేయండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఫార్వర్డింగ్ ఆగదు.

ఆ అకౌంటు పాస్‌వర్డే తెలియక, రికవరీ నంబరు కూడా సెంటర్ వాళ్లదే అయితే, వాళ్ల దగ్గరికే వెళ్లి ఓటీపీ తీసుకుని అక్కడే మీ ఫోన్‌లో పై నాలుగూ పూర్తిచేయండి. తర్వాత చేద్దామని ఇంటికి రావద్దు.

4. తాళం, మారు తాళం

పాస్‌వర్డ్ కనీసం 16 అక్షరాలు ఉండాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా రాస్తే గుర్తుంటుంది, ఊహించడం కష్టం. సినిమా డైలాగులు, దేవుడి పేర్లు, పిల్లల పేర్లు వద్దు. ఈ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకూడదు.

తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్‌తోపాటు రెండో కోడ్ కూడా అడగడం. అకౌంటు సెట్టింగ్స్ → సెక్యూరిటీలో ఉంటుంది. ఎస్ఎంఎస్ ఓటీపీ కన్నా అథెంటికేటర్ యాప్ మేలు: సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, మీ నంబరుతో వేరేవాళ్లు సిమ్ తీసుకునే మోసాలకు చిక్కదు, విదేశంలోనూ ఇబ్బంది ఉండదు. ఫోన్‌లో పాస్‌కీ పెట్టుకుంటే ఇంకా సులువు, వేలిముద్రతో లాగిన్ అవుతుంది. పాస్‌కీ పెట్టినా అథెంటికేటర్ ఉంచండి, ఫోన్ పోతే రెండో దారి కావాలి.

బ్యాకప్ కోడ్‌లు దించుకోండి. జీమెయిల్ పది ఇస్తుంది, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి ఆస్తి పత్రాలతోపాటు పెట్టండి. వాటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచితే ఫోన్‌తోపాటే పోతాయి.

ప్రోటాన్, ట్యూటాలో ఈ జాగ్రత్త రెట్టింపు. ప్రోటాన్ పాస్‌వర్డ్ మరిచిపోతే రికవరీ నంబరుతో అకౌంటు తిరిగొస్తుంది, పాత మెయిళ్లు మాత్రం తాళం పడే ఉంటాయి. వాటిని తెరవాలంటే 12 మాటల రికవరీ ఫ్రేజ్ గానీ, రికవరీ ఫైలు గానీ కావాలి. సెట్టింగ్స్‌లోని రికవరీలో ఈరోజే తీసుకోండి. ట్యూటాలో పొడవాటి రికవరీ కోడ్ ఒక్కటే దిక్కు. అది పోతే కంపెనీకి ఎంత మొరపెట్టుకున్నా వాళ్లు చేయగలిగింది లేదు. కంపెనీ చదవలేకపోవడం అనే రక్షణకు మనం చెల్లించే ధర అది.

విదేశాలకు వెళ్లేవాళ్లకు. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే ఆపేయవచ్చు, ఆ తర్వాత గడువు ముగిశాక ఆ నంబరు మరొకరికి వెళ్తుంది. మీ మెయిల్ రికవరీ ఓటీపీ అప్పుడు వాళ్ల ఫోన్‌కు వస్తుంది. డాలస్‌కో, మెల్‌బోర్న్‌కో విమానం ఎక్కేముందు అథెంటికేటర్ పెట్టుకోండి. అక్కడ కొత్త నంబరు రాగానే దాన్ని రికవరీకి చేర్చి, అది పనిచేస్తోందని తేలాకే పాత నంబరు తీసేయండి. బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా సిమ్ ఉంచుకుంటున్నట్లయితే రీచార్జి గడువును ఇంట్లోవాళ్ల మీద వదిలేయకుండా మీ ఫోన్ క్యాలెండర్‌లోనే పెట్టుకోండి.

5. గోప్యత సెట్టింగులు

జీమెయిల్‌లో (కంప్యూటర్‌లో, గేర్ గుర్తు → సీ ఆల్ సెట్టింగ్స్):

- జనరల్ → స్మార్ట్ ఫీచర్స్. ఇది రెండు చోట్ల ఉంటుంది: ఒకటి జీమెయిల్, చాట్, మీట్‌కు, రెండోది మిగతా గూగుల్ ఉత్పత్తులకు. రెండోది ఆపేస్తే వాడకంలో పెద్దగా తేడా తెలియదు, ముందు అది ఆపండి. మొదటిది ఆపితే ప్రమోషన్స్, సోషల్ ట్యాబులుగా విడదీయడం, వాక్యం పూర్తిచేసే సూచనలు పోతాయి. ఓ వారం ఆపి చూడండి. ఇన్‌బాక్స్ గందరగోళమైతే మళ్లీ పెట్టుకోవచ్చు.
- జనరల్ → ఇమేజెస్ → ‘ఆస్క్ బిఫోర్ డిస్‌ప్లేయింగ్ ఎక్స్‌టర్నల్ ఇమేజెస్’. మార్కెటింగ్ మెయిళ్లలో కంటికి కనిపించని చుక్కంత బొమ్మ పెట్టి, మీరు మెయిల్ తెరిచారో లేదో కనిపెడతారు. ఇది ఆన్ చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. దుకాణాల మెయిళ్లు బోసిగా కనిపిస్తాయి, అంతే.
- గూగుల్ అకౌంట్ → డేటా అండ్ ప్రైవసీ → వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ. మూడు నెలలు దాటినవి వాటంతటవే చెరిగేలా పెట్టండి. పక్కనే ఉండే మై యాడ్ సెంటర్‌లో పర్సనలైజ్డ్ ప్రకటనలు ఆపండి.
- సెక్యూరిటీలో థర్డ్ పార్టీ కనెక్షన్స్. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ‘సైన్ ఇన్ విత్ గూగుల్’తో ప్రవేశించిన యాప్‌లు చాలావరకు పేరు, అడ్రసు మాత్రమే చూస్తాయి. కొన్ని మాత్రం జీమెయిల్ చదివే అనుమతి అడిగి తీసుకుంటాయి: ఖర్చుల లెక్క చూసేవి, ఇన్‌బాక్స్ శుభ్రం చేస్తామనేవి, టికెట్లు ఒకచోట చేర్చేవి. ఒక్కోదాన్నీ తెరిచి, ‘జీమెయిల్’ అన్న మాట కనిపిస్తే, రోజూ వాడే మెయిల్ యాప్ కాకపోతే తీసేయండి.

అవుట్‌లుక్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ ప్రైవసీ పేజీకి వెళ్లి పర్సనలైజ్డ్ ప్రకటనలు ఆపండి. ప్రోటాన్ ఆ దొంగ బొమ్మలను తానే ఆపుతుంది, అక్కడ మార్చాల్సింది తక్కువ.

6. పాత అడ్రసు నుంచి మారడం

ముందు ప్రతి తీసుకోండి. జీమెయిల్ అయితే గూగుల్ టేకౌట్‌లో ‘మెయిల్’ ఒక్కటే టిక్ పెట్టి ఎగుమతి చేయండి. లింకు మెయిల్‌కే వస్తుంది, వారంలోగా దించుకోవాలి. మెయిళ్లన్నీ కలిపిన ఎంబాక్స్ ఫైలు వస్తుంది, దాన్ని థండర్‌బర్డ్‌లో చదవొచ్చు. ప్రోటాన్‌లోకి మెయిళ్లు తెచ్చుకోవడానికి ఈజీ స్విచ్ ఉంది, కానీ 1 జీబీలో 12 జీబీ పట్టదు. కావాల్సినవే ఎంచుకోండి.

తర్వాత అడ్రసు మార్పు. ఈ వరుసలో వెళ్లండి: బ్యాంకులు, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ (నోటీసులు ఆ మెయిల్‌కే వస్తాయి), ఈపీఎఫ్‌వో, డీమ్యాట్, మ్యూచువల్ ఫండ్లు, బీమా, ఆధార్, డిజీలాకర్, సర్వీస్ కమిషన్ రిజిస్ట్రేషన్లు, కాలేజీ, ఐఆర్‌సీటీసీ. విదేశాల్లో ఉన్నవాళ్లు ఎన్ఆర్ఈ, ఎన్ఆర్‌వో ఖాతాలు, పాస్‌పోర్టు, వీసా పోర్టళ్లు కూడా చేర్చుకోండి. చాలాచోట్ల మార్చడానికి పాత అడ్రసుకు ఓటీపీ వస్తుంది. అందుకే పాతది మూసేశాక మార్చుదామంటే కుదరదు. పరీక్ష నోటిఫికేషన్ నడుస్తుండగా, కౌన్సెలింగ్ మధ్యలో మార్చకండి. అది ముగిశాక చూడండి.

పాత అకౌంటును ఏడాదిపాటు ఉంచి, ఫార్వర్డింగ్ పెట్టండి. ఉచిత యాహూలో అది లేదు కాబట్టి అప్పుడప్పుడు లాగిన్ అయి చూసుకోండి. బీమా రెన్యువల్ వంటి మెయిళ్లు ఏడాదికోసారే వస్తాయి. అవి వచ్చినప్పుడే ఎక్కడ మార్చడం మరిచామో తెలుస్తుంది. ‘నా కొత్త అడ్రసు ఇది’ అని ఆటో రిప్లై మాత్రం పెట్టొద్దు, స్పామ్ పంపేవాళ్లకు కూడా అదే వెళ్తుంది.

7. సరిగ్గా కుదిరిందా? ఇలా చూడండి

1) వేరే అకౌంటు నుంచి తెలుగు సబ్జెక్ట్‌తో, తెలుగు పేరున్న పీడీఎఫ్ జతచేసి ఒక మెయిల్ పంపండి, జవాబు కూడా ఇవ్వండి. అక్షరాలు డబ్బాలుగా మారకూడదు, స్పామ్‌లోకి పోకూడదు.

2) బ్యాంకు యాప్‌లో స్టేట్‌మెంట్ మెయిల్‌కు పంపమని అడగండి. పది నిమిషాల్లో రాకపోతే స్పామ్ చూసి, తర్వాత బ్యాంకులో అడ్రసు నిజంగా మారిందా చూడండి.

3) ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి, ఇంట్లో ఇంకొకరి కంప్యూటర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి లాగిన్ అవ్వండి. కాగితం మీది బ్యాకప్ కోడ్‌తో లోపలికి వెళ్లగలిగితే ఫోన్ పోయినా మీకు భయం లేదు. వాడిన కోడ్ కొట్టేయండి. వెళ్లలేకపోయారా, 4వ మెట్టు మళ్లీ మొదటి నుంచి. ఈ పరీక్ష చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలొద్దు.

4) జీమెయిల్ ఇన్‌బాక్స్ అడుగున కుడివైపు ‘డీటెయిల్స్’ నొక్కితే ఇటీవల ఎక్కడి నుంచి తెరిచారో కనిపిస్తుంది. మొబైల్ డేటా వాడితే ఊరు తప్పుగా చూపించడం మామూలే, దానికి కంగారు పడొద్దు. మీరు వాడని బ్రౌజర్ రకమో, మీరు నిద్రపోయే వేళో కనిపిస్తే వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.

5) ‘హ్యావ్ ఐ బీన్ పౌన్డ్’ సైటులో మీ అడ్రసు వెతకండి. ఎర్రగా వస్తే మీ మెయిల్ హ్యాక్ అయిందని కాదు, మీరు చేరిన ఏదో సైటు నుంచి అడ్రసు బయటపడిందని. ఆ సైటు పాస్‌వర్డే ఇంకెక్కడైనా వాడి ఉంటే అన్నిచోట్లా మార్చండి.

6) మారు అడ్రసును ఒకసారి ఆపేసి, దానికి మెయిల్ పంపి చూడండి. అప్పటికీ వస్తుంటే తప్పు అడ్రసు ఆపారన్నమాట.

తరచుగా జరిగే తప్పులు

రెండు మెయిళ్లకు ఒకదానికొకటి రికవరీగా పెట్టడం. రెండింటికీ ఫోన్ నంబరు ఒకటే అయితే, ఆ నంబరు పోయిన రోజు రెండూ ఒకేసారి పోతాయి. రికవరీకి భార్యదో భర్తదో, నమ్మకమైన ఇంకొకరిదో అడ్రసు పెట్టండి.

ఆఫీసు మెయిల్, కాలేజీ మెయిల్‌ను బ్యాంకుకు ఇవ్వడం. ఉద్యోగం మారిన రోజు, చదువు అయిపోయిన ఏడాది అది మూతపడుతుంది. అడ్మిన్ తలచుకుంటే చూడగలడు కూడా.

మొబైల్ షాపులో కొత్త ఫోన్ సెటప్ చేయించుకుంటూ పాస్‌వర్డ్ చెప్పేయడం. పెద్దవాళ్ల ఫోన్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఫోన్ పెట్టెతో ఇంటికి తెచ్చి మీరే లాగిన్ చేయండి. పాత ఫోన్ అమ్మేముందు ఫ్యాక్టరీ రీసెట్‌తో ఆగకుండా, అకౌంటులోని డివైజెస్ జాబితాలోంచి కూడా తీసేయండి.

జీమెయిల్ నిండిపోయిందని కనిపించినవన్నీ చెరిపేయడం. ముందు సెర్చ్‌లో అటాచ్‌మెంట్ సైజును బట్టి వెతికే సదుపాయం వాడి, 10 ఎంబీ దాటినవి చూడండి. ట్రాష్ ఖాళీ చేసేదాకా చోటు తిరిగిరాదు. చాలాసార్లు తప్పు మెయిళ్లది కాదు, ఫొటోల బ్యాకప్‌ది.

వాడని అకౌంటును మరిచిపోవడం. ట్యూటాకు గడువు ఆరు నెలలు, యాహూకు ఏడాది, గూగుల్‌కు రెండేళ్లు. మూడు నెలలకోసారి అన్నింటిలోనూ లాగిన్ అయ్యేలా ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే సెట్టింగ్ ఉంది: మీరు 3, 6, 12 లేదా 18 నెలలు కనిపించకపోతే ఎవరికి తెలపాలో, ఏ డేటా ఇవ్వాలో పది మంది వరకు ముందే రాసి పెట్టొచ్చు. ఇంటి బీమా, బ్యాంకు కాగితాలన్నీ ఒకరి మెయిల్‌కే వస్తుంటే, అందులో కనీసం ఒక పేరు చేర్చి, ఆ సంగతి ఆ మనిషికి కూడా చెప్పండి.